మ్యాగ్నెట్ స్కూల్ సీటు: మన పిల్లల పోటీ ఎవరితో?

ఉత్తర వర్జీనియాలో వసంతం వచ్చిందంటే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్. థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ రిజల్ట్స్ వచ్చే కాలం అది. ఇక్కడ అందరూ దాన్ని టీజే అనే అంటారు. ఎవరికి సీటొచ్చింది, ఎవరు వెయిట్‌లిస్ట్‌లో ఉన్నారు అన్న మాటల మధ్యలో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంతకీ కటాఫ్ ఎంత?" ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్ళం, మనకి ముందుగా ఆ ప్రశ్నే తడుతుంది.

టీజేకి ఇప్పుడు అలా ఒకే కటాఫ్ లేదు. షికాగోలో ఒకే స్కూలుకి అయిదు కటాఫ్‌లుంటాయి. న్యూయార్క్‌లో మాత్రం స్కూలుకి ఒక్కటే ఉంటుంది. మూడు చోట్లా ప్రభుత్వ స్కూళ్ళే, ఫీజు లేని చదువే. సీటు ఇచ్చే పద్ధతి మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు. ఈ పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయన్నది సగం లెక్కే. ఆ మార్కుల్ని ఎవరి మార్కుల పక్కన పెట్టి చూశారన్నది మిగతా సగం. ఊరందరి పక్కనా, మన పేట పిల్లల పక్కనా, మన స్కూల్లో వాళ్ళ పక్కనా? అది మారితే అదే పిల్ల, అవే మార్కులు, ఫలితం మాత్రం తారుమారు.

ముందుగా మ్యాగ్నెట్ గురించి రెండు మాటలు. ఈ స్కూళ్ళు 1970లలో బాగా పెరిగాయి. నల్లజాతి పిల్లల్నీ తెల్లజాతి పిల్లల్నీ వేరువేరు స్కూళ్ళలో పెట్టకూడదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినా, ఎవరి పేటలో వాళ్ళు ఉంటూ ఎవరి స్కూలుకి వాళ్ళు వెళ్తుంటే స్కూళ్ళు వేరుగానే మిగిలిపోయాయి. పిల్లల్ని బస్సులెక్కించి దూరపు స్కూళ్ళకి పంపిస్తామంటే పెద్ద గొడవలయ్యాయి. అలా కాకుండా ఒక స్కూల్లో సైన్సో, సంగీతమో, విదేశీ భాషలో ప్రత్యేకంగా పెడితే అన్ని పేటల తల్లిదండ్రులూ వాళ్ళంతట వాళ్ళే పిల్లల్ని పంపుతారు కదా అన్న ఆలోచనతో పుట్టినవివి. అందుకే ఇప్పటికీ చాలా మ్యాగ్నెట్ స్కూళ్ళలో ఎంట్రన్స్ పరీక్ష ఉండదు, లాటరీ ఉంటుంది. మనవాళ్ళు రాత్రీ పగలూ మాట్లాడుకునేవి అందులో చిన్న భాగం: పిల్లల్ని ఏరి తీసుకునే హైస్కూళ్ళు. 1985లో మొదలైన టీజేని వర్జీనియాలో అధికారికంగా గవర్నర్స్ స్కూల్ అంటారు. జనం నోట్లో మాత్రం అదీ మ్యాగ్నెట్టే.

న్యూయార్క్: ఒక్క పరీక్ష, ఒక్క వరుస

అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే తేలికైనది న్యూయార్క్ పద్ధతి. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్‌తో కలిపి ఎనిమిది స్కూళ్ళకి ఎస్‌హెచ్‌శాట్ అనే ఒక్క పరీక్ష ఉంటుంది. ఇంగ్లీషు సగం, లెక్కలు సగం. స్కూలు మార్కులు చూడరు. టీచర్ల సిఫార్సు లేఖలు లేవు, ఎస్సేలు లేవు, ఇంటర్వ్యూ లేదు. ఏడాదికి పాతిక వేలమందికి అటూఇటూగా రాస్తారు, సుమారు నాలుగు వేలమందికి సీట్లొస్తాయి.

పిల్లలు తమకి కావలసిన స్కూళ్ళని వరుసగా రాసిస్తారు. తర్వాత నగరంలో అందరికంటే ఎక్కువ స్కోరు వచ్చిన పిల్లకి తను మొదట రాసిన స్కూల్లో సీటిచ్చి రెండో పిల్ల దగ్గరికి వస్తారు. అలా కిందికి దిగుతూ పోతారు. ఒక అబ్బాయి వంతు వచ్చేసరికి స్టైవెసంట్ నిండిపోయి ఉంటే వాడు రెండోదిగా రాసిన స్కూలు చూస్తారు, అదీ నిండితే మూడోది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. ఇష్టమైన స్కూలు పైన పెడితే తర్వాతి స్కూల్లో ఛాన్స్ పోతుందన్న భయం అక్కర్లేదు. స్టైవెసంట్ కటాఫ్ అంటే ఎవరో ముందుగా గీసిన గీత కాదు, చివరి సీటు దక్కిన పిల్ల స్కోరు.

ఇక్కడ పోటీ అందరికీ అందరితో. క్వీన్స్‌లో మూడేళ్ళు కోచింగ్ తీసుకున్న పిల్లా, బ్రాంక్స్‌లో అలాంటి పరీక్ష ఒకటుందని ఏడో తరగతి చివర్లో విన్న పిల్లా ఒకే వరుసలో నిలబడతారు. దీన్ని న్యాయం అనేవాళ్ళ వాదనలో బలముంది. పేపరు దిద్దేది మెషీన్, దానికి పిల్ల రంగు తెలీదు, ఇంటిపేరు తెలీదు. వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు ఎందరో ఈ పరీక్ష మీదే పైకొచ్చారు. మరోపక్క 2019లో స్టైవెసంట్ ఇచ్చిన 895 సీట్లలో నల్లజాతి పిల్లలకి వచ్చినవి 7. అంత పెద్ద నగరంలో ఆ అంకె చూసి ఏమీ అనిపించకుండా ఉండటం కష్టం.

పరీక్ష అనేసరికి మనం అది పూర్తిగా తటస్థమని అనుకుంటాం. ఇందులోనూ లోపలి లెక్కలుంటాయి. ఎస్‌హెచ్‌శాట్‌లో ఎన్ని ప్రశ్నలు కరెక్టయ్యాయో అదే స్కోరు కాదు, దాన్ని వేరే స్కేలులోకి మారుస్తారు. చాలాకాలం ఆ స్కేలు ఎలా ఉండేదంటే, మధ్యలో ఒక ప్రశ్న ఎక్కువ చేస్తే కలిసొచ్చేది కాస్తే, పై చివర్లో ఒక ప్రశ్న ఎక్కువ చేస్తే చాలా ఎక్కువ కలిసొచ్చేది. దాంతో రెండు భాగాలూ సమానంగా బాగా రాసిన పిల్లకంటే, లెక్కలు దాదాపు అన్నీ కరెక్ట్ చేసి ఇంగ్లీషు ఓ మోస్తరుగా రాసిన పిల్లకి మొత్తం స్కోరు ఎక్కువ వచ్చేది. కోచింగ్ సెంటర్లకి ఈ సంగతి తెలుసు. ఇంట్లో కూర్చుని సొంతంగా చదువుకునే పిల్లకి ఎలా తెలుస్తుంది?

ఈ పద్ధతి మార్చడం మేయర్ చేతిలో లేదు. 1971లో రాష్ట్ర శాసనసభ చేసిన హెక్ట్-కలాండ్రా చట్టం పాత స్కూళ్ళు మూడింటికీ పరీక్ష ఒక్కటే ఆధారమని చెప్పింది. నగరం చేయగలిగిందల్లా డిస్కవరీ అనే కార్యక్రమం. కటాఫ్‌కి కాస్త కింద ఆగిపోయిన పేద పిల్లలు వేసవిలో ప్రత్యేక తరగతులు పూర్తిచేస్తే సీటిస్తారు. దానికి కేటాయించిన సీట్లని ఈమధ్య ఏళ్ళలో 20 శాతానికి పెంచారు.

షికాగో: పేటని బట్టి వరుస

వాల్టర్ పేటన్, నార్త్‌సైడ్, విట్నీ యంగ్ లాంటి షికాగో స్కూళ్ళకి మొత్తం 900 పాయింట్లు. ఏడో తరగతి గ్రేడ్లకి 450, పరీక్షకి 450. ఒక్కో స్కూల్లో 30 శాతం సీట్లు నగరమంతా ఒకే వరుసలో పెట్టి ఇస్తారు. మిగతా 70 శాతాన్ని నాలుగు సమాన భాగాలు చేసి నాలుగు టియర్లకి పంచుతారు. మీ ఇల్లు ఏ టియర్‌లో ఉందన్నది మీ జీతాన్ని బట్టి కాదు. జనాభా లెక్కల కోసం నగరాన్ని చేసిన చిన్న చిన్న ముక్కల్లో మీ ఇల్లున్న ముక్కలో సగటు కుటుంబం ఆదాయమెంత, పెద్దవాళ్ళు ఎంతవరకు చదువుకున్నారు, సొంత ఇళ్ళు ఎన్ని, ఒంటరి తల్లో తండ్రో పెంచుతున్న ఇళ్ళు ఎన్ని, ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష ఎంతమంది మాట్లాడతారు, అక్కడి స్కూళ్ళ ఫలితాలెలా ఉన్నాయి, ఇవన్నీ కలిపి తేలుస్తారు. టియర్ 1 అంటే అన్నిటికంటే వెనకబడిన పేటలు, టియర్ 4 అంటే అన్నిటికంటే కలిగినవాళ్ళ పేటలు. అందుకే ఒకే స్కూలుకి అయిదు గీతలు: ఒకటి నగరమంతటికీ, నాలుగు టియర్లకీ.

జాతిని బట్టి సీట్లు పంచే పాత కోర్టు ఒప్పందం 2009లో ముగిసిపోయాక వచ్చిన పద్ధతి ఇది. పిల్లల్ని స్కూళ్ళకి కేటాయించేటప్పుడు ఒక్కో పిల్ల జాతిని చూసి నిర్ణయించకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఆ తర్వాత నగరాలన్నీ పేట, ఆదాయం, స్కూలు లాంటి దారులు వెతుక్కున్నాయి.

టియర్ పద్ధతిలో లోపం చెప్పక్కర్లేకుండానే కనిపిస్తుంది. డబ్బున్న పేటలో ఇరుకు అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకున్న టాక్సీ డ్రైవర్ కూతురు టియర్ 4 కిందికే వస్తుంది. అభివృద్ధి మొదలైన పాత పేటలో ఇల్లు కొన్న డాక్టర్ కొడుకు టియర్ 1 కిందికి రావచ్చు. అయినా మొత్తం మీద చూస్తే నగరంలోని అన్ని మూలల పిల్లలకీ ఆ స్కూళ్ళ తలుపు తెరిచిన పద్ధతి ఇదేనని నా నమ్మకం.

షికాగోలో తల్లిదండ్రులు గమనించాల్సింది వేరే ఒకటుంది. రీడింగ్, లెక్కలు, సైన్స్, సోషల్ నాలుగు సబ్జెక్టులు. ఒక్కో దాంట్లో 'ఏ' గ్రేడ్ వస్తే 112.5 పాయింట్లు, 'బీ' వస్తే 75. అంటే ఏడో తరగతి సోషల్‌లో ఒక్క బీ వచ్చిందంటే 37.5 పాయింట్లు పోయినట్టే. పేటన్‌లో టియర్ 4 గీత 900కి చాలా దగ్గరగా ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లాడు ఒక ప్రాజెక్ట్ ఆలస్యంగా ఇచ్చి తెచ్చుకున్న ఒక్క గ్రేడుతో ఆ స్కూలు ఆశ అక్కడితో ఆగిపోతుంది. పరీక్షలో ఎంత బాగా రాసినా ఆ గుంట పూడదు.

ఇందులోంచే ఇంకో సంగతి అర్థమవుతుంది. కాగితం మీద గ్రేడ్లకి సగం, పరీక్షకి సగం. దరఖాస్తు చేసినవాళ్ళలో చాలామందికి అన్నీ 'ఏ' గ్రేడ్లే ఉంటే గ్రేడ్ల భాగంలో అందరూ సమానమే, అది ఎవర్నీ విడదీయదు. అప్పుడు సీటు తేల్చేది పూర్తిగా పరీక్షే. దేనికెంత వెయిటేజీ అని రూల్స్‌లో రాస్తారు. అసలు వెయిట్ ఎక్కడ పిల్లల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తుందో అక్కడుంటుంది. టీజే గురించి మాట్లాడేటప్పుడు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

టీజే: అదే పిల్ల, వేరే వరుస

టీజేకి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీతోపాటు లౌడన్, ప్రిన్స్ విలియం, ఆర్లింగ్టన్, ఫాల్స్ చర్చ్ పిల్లలు కూడా దరఖాస్తు చేయొచ్చు. యాష్‌బర్న్, సౌత్ రైడింగ్, షాంటిలీ వైపు తెలుగు కుటుంబాలు ఎంతగా పెరిగాయో తెలిసినవాళ్ళకి టీజే మన ఇళ్ళలో ఎందుకింత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

2020 వరకు టీజే దారి ఇలా ఉండేది. వంద డాలర్ల ఫీజు కట్టి పరీక్ష రాయాలి. లెక్కలకి క్వాంట్-క్యూ అనే పరీక్ష పెట్టారు. ముందుగా ప్రాక్టీస్ చేసి వచ్చే వీలు లేకుండా ఉంటుందని దాన్ని తెచ్చారు. కోచింగ్ సెంటర్లు దానికి కూడా తయారు చేయడం మొదలుపెట్టడానికి ఎక్కువకాలం పట్టలేదు. పరీక్షలో గట్టెక్కినవాళ్ళ ఎస్సేలు, టీచర్ల సిఫార్సులు చూసి, చివరికి 480 మందికి కాస్త అటూఇటూగా తీసుకునేవారు. 2020లో 2,539 మంది దరఖాస్తు చేస్తే 486 మందికి సీట్లొచ్చాయి. అందులో 73 శాతం ఆసియా సంతతి పిల్లలు. నల్లజాతి పిల్లల సంఖ్య విడిగా చెప్పడానికి వీల్లేనంత చిన్నది, పదిలోపే. భోజనంలో రాయితీ పొందే పేద కుటుంబాల పిల్లలు ఒక్క శాతం కూడా లేరు. అప్పుడు సీట్లు తెచ్చుకున్నది ఎక్కువగా కొన్ని మిడిల్ స్కూళ్ళే. లాంగ్‌ఫెలో, రేచల్ కార్సన్, రాకీ రన్ పేర్లు టీజే గురించి మాట్లాడే ఇళ్ళలో అందరికీ తెలిసినవే.

2020 చివర్లో స్కూల్ బోర్డు పద్ధతి మార్చేసింది. పరీక్ష తీసేశారు, ఫీజు తీసేశారు, సిఫార్సు లేఖలు తీసేశారు. సీట్లని 550కి పెంచారు. కనీస జీపీఏని 3.0 నుంచి 3.5కి తీసుకెళ్ళారు. అన్నిటికంటే పెద్ద మార్పు ఇది: ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతానికి సమానమైన సీట్లు ఆ స్కూలుకే కేటాయించారు. అవి పోగా దాదాపు 100 సీట్లు ఉమ్మడి పూల్‌లో ఉంటాయి.

చిన్న లెక్క వేసుకుందాం. ఎనిమిదో తరగతిలో 600 మంది ఉన్న పెద్ద స్కూలు ఒకటి అనుకుందాం. 1.5 శాతం అంటే 9 సీట్లు. ఒకప్పుడు అలాంటి స్కూలు నుంచి పదుల్లో వెళ్ళి ఉండొచ్చు. ఇప్పుడు ఆ తొమ్మిదిలో పడనివాళ్ళు, ఎంత చురుకైనవాళ్ళయినా, ఉమ్మడి పూల్‌లోకి వెళ్తారు. ఆ పూల్‌లో అన్ని పెద్ద స్కూళ్ళలో మిగిలిపోయిన చురుకైన పిల్లలుంటారు, ప్రైవేటు స్కూళ్ళ పిల్లలుంటారు, ఇంట్లో చదువుకునేవాళ్ళుంటారు. అదే ఎనిమిదో తరగతిలో 400 మంది ఉండి, ఇదివరకు టీజేకి ఎవర్నీ పంపని స్కూలుకి 6 సీట్లు ఖాయం. ఒకే పిల్ల మొదటి స్కూల్లో ఉంటే పన్నెండో స్థానంలో ఉండి వెయిట్‌లిస్ట్ చూసుకుంటుంది, రెండో స్కూల్లో ఉంటే మొదటి స్థానంలో ఉండి హాయిగా చేరిపోతుంది. లెక్కించేది పిల్ల చదువుతున్న స్కూలుని బట్టి. అందుకే అడ్వాన్స్‌డ్ సెంటర్ (చురుకైన పిల్లల ప్రత్యేక తరగతులు) ఉన్న దూరపు మిడిల్ స్కూలుకి పంపాలా, ఇంటి అడ్రసుని బట్టి వచ్చే పక్కనున్న బేస్ స్కూల్లోనే ఉంచాలా అని ఇప్పుడు ఇళ్ళలో చర్చలు జరుగుతున్నాయి. పదేళ్ళ క్రితం అయితే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

తెలుగు రాష్ట్రాల వాళ్ళకి ఈ ఆలోచన కొత్తేమీ కాదు. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే, పోటీ జిల్లా లోపలే. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సర్కారు బడుల్లో చదివిన పిల్లల పదో తరగతి జీపీఏకి 0.4 కలిపి ర్యాంకు ఇచ్చేవారు. కార్పొరేట్ స్కూల్లో పదికి పది తెచ్చుకున్న పిల్లాడూ, జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.7 తెచ్చుకున్న పిల్లాడూ ఒకే స్థితి నుంచి రాలేదని ఒప్పుకున్న లెక్క అది. అక్కడ ఆ నియమాన్ని సబబే అనే మనమే ఇక్కడ 1.5 శాతం అనగానే అన్యాయం అంటుంటాం. మన పిల్లలు అక్కడొక వైపు, ఇక్కడొక వైపు ఉన్నారు, తేడా అంతే. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. నాలుగేళ్ళు ఒక లక్ష్యం పెట్టుకుని చదివి, ఎనిమిదో తరగతి మధ్యలో రూల్స్ మారిపోయిన పిల్లల బాధ నిజమైనది. అమలుకి ఒకటి రెండేళ్ళు గడువు ఇచ్చి ఉండాల్సింది.

ఇక పాయింట్ల సంగతి. కొత్త పద్ధతి మొదటి ఏడాది జీపీఏకి 300, స్టూడెంట్ పోర్ట్రెయిట్ షీట్‌కి (పిల్ల తన గురించి తనే రాసేది) 300, లెక్కలు లేదా సైన్స్ సమస్య మీద రాసే ఎస్సేకి 300. వీటిమీద పిల్ల పరిస్థితిని బట్టి గరిష్ఠంగా 225 పాయింట్లు: భోజన రాయితీ ఉంటే 90, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్ల అయితే 45, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉంటే 45, ఇదివరకు టీజేకి పెద్దగా పంపని స్కూల్లో చదువుతుంటే 45. దరఖాస్తు దిద్దేవాళ్ళకి పిల్ల పేరు, జాతి, ఆడా మగా అన్నది తెలియనివ్వరు.

ఇప్పుడు షికాగోలో చూసిన సంగతి గుర్తుచేసుకోండి. కనీసం 3.5 ఉంటేనే దరఖాస్తు, చాలామందికి 4.0కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి జీపీఏ 300 పాయింట్లు పిల్లల్ని పెద్దగా విడదీయవు. నిజంగా తేల్చేవి రాతపనులు రెండూ. ఆ షీట్‌లో అడిగేది ఎన్ని ఒలింపియాడ్లు గెలిచావని కాదు. నలుగురితో కలిసి పనిచేయడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, దెబ్బ తిన్నాక మళ్ళీ లేచి నిలబడటం, ఇలాంటి గుణాలు నీ జీవితంలో ఎక్కడ కనిపించాయో రాయమంటారు. పర్యవేక్షకుల ముందు కూర్చుని, టైము పెట్టుకుని రాయాలి. పదమూడేళ్ళ పిల్లాడికి, అందులోనూ "మనగురించి మనం గొప్పగా చెప్పుకోకూడదు" అని నేర్పిన ఇంటి పిల్లాడికి ఇది చాలా కష్టం. లెక్కల్లో దూసుకుపోయేవాడు ఇక్కడ నాలుగు వాక్యాలు రాసి ఆగిపోతాడు. ఈ పద్ధతి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడే. పరీక్షలో ఎక్కడ తప్పు చేశావో చూపించవచ్చు. ఎస్సేకి ఇన్ని పాయింట్లే ఎందుకొచ్చాయో పిల్లలకి అంతుపట్టదు. కోచింగ్ అయినా తగ్గిందా అంటే అదీ లేదు, ఇప్పుడు ఎస్సేలు రాయించే కోచింగ్ దొరుకుతోంది.

కోర్టులో తేలింది ఏమిటి

కొంతమంది తల్లిదండ్రులు కోయలిషన్ ఫర్ టీజే పేరుతో 2021 మార్చిలో కేసు వేశారు. ఆ ఏడాది 3,034 మంది దరఖాస్తు చేస్తే 550 మందికి సీట్లొచ్చాయి. ఆసియా సంతతి పిల్లల వాటా 73 నుంచి 54 శాతానికి పడిపోయింది. నల్లజాతి పిల్లలు 7 శాతం, హిస్పానిక్ పిల్లలు 11 శాతం దాటారు. పేద కుటుంబాల పిల్లలు నాలుగో వంతు. జాతి పేరెత్తకుండానే ఆసియన్ల సంఖ్య తగ్గించడానికి చేసిన పని ఇది అన్నది తల్లిదండ్రుల వాదన. 2022 ఫిబ్రవరిలో ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జి క్లాడ్ హిల్టన్ వాళ్ళవైపు తీర్పిచ్చారు. 2023 మేలో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2-1తో దాన్ని తిప్పికొట్టింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. జస్టిస్ అలీటో, జస్టిస్ థామస్ మాత్రం వినాల్సిందని రాశారు.

రెండు కోర్టులూ అవే అంకెలు చూశాయి. మరి తీర్పులు ఎదురుబొదురుగా ఎలా వచ్చాయి? జిల్లా కోర్టు ఈ ఏడాది సంఖ్యని పోయినేడాది సంఖ్య పక్కన పెట్టింది. 73 నుంచి 54, అంటే నష్టం. అప్పీళ్ళ కోర్టు సీటొచ్చినవాళ్ళని దరఖాస్తు చేసినవాళ్ళ పక్కన పెట్టింది. దరఖాస్తుల్లో ఆసియన్లు 48.59 శాతం, సీట్లలో 54.36 శాతం, అంటే తమ వాటాకంటే ఎక్కువే. పిల్లల దగ్గరే కాదు, కోర్టులో కూడా దేన్ని దేని పక్కన పెట్టి చూశారన్నదే తేల్చింది.

మన ఇళ్ళలో చర్చకు రాని అంకె ఒకటి ఆ తీర్పులోనే ఉంది. 2020లో టీజేలో సీటొచ్చిన తక్కువ ఆదాయ ఆసియన్ పిల్లలు ఒక్కరు. 2021లో 51 మంది. ఆసియన్ అనే ఒక్క గడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలూ ఉంటారు, నెయిల్ సెలూన్‌లో పనిచేసే తల్లి బిడ్డా ఉంటుంది. మొదటివాళ్ళ సీట్లు తగ్గాయి, రెండోవాళ్ళవి పెరిగాయి. "ఆసియన్లకి అన్యాయం" అన్న మాట ఆ 51 మంది ఇళ్ళలో ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించాలి. కేసు ముగిసినా గొడవ ముగియలేదు. 2025లో ఫెడరల్ ప్రభుత్వం ఈ అడ్మిషన్ల మీద మళ్ళీ విచారణ మొదలుపెట్టింది.

పరీక్షకి ముందు జరిగే వడపోత

ఎనిమిదో తరగతిలో ఏ పద్ధతి పెట్టినా, అక్కడిదాకా వచ్చే పిల్లలెవరన్నది అప్పటికే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఇంత గొడవలో అందరూ వదిలేస్తున్న సంగతి ఇదేనని నాకనిపిస్తుంది. టీజేకి దరఖాస్తు చేయాలంటే ఎనిమిదో తరగతికల్లా ఆల్జీబ్రా 1లో ఉండాలి. సీటొచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికి జామెట్రీ చేస్తుంటారు, అంటే ఏడులోనే ఆల్జీబ్రా అయిపోయి ఉండాలి. ఆ ట్రాక్ ఎక్కాలంటే ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో ఉండాలి. ఫెయిర్‌ఫాక్స్‌లో ఫుల్‌టైమ్ అడ్వాన్స్‌డ్ కార్యక్రమం మూడో తరగతిలో మొదలవుతుంది. దానికి పిల్లల్ని ఎంచేది రెండో తరగతిలో. అంటే ఏడేళ్ళ వయసులో. ఎంపిక కాకపోతే తల్లిదండ్రులు అప్పీల్ చేసుకోవచ్చు, డబ్బు పెట్టి బయట చేయించిన ఐక్యూ పరీక్ష రిపోర్టు జతచేయొచ్చు. ఈ దారి తెలిసిన ఇల్లు అప్పీల్ చేస్తుంది. ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరం పూర్తిగా అర్థం కాని ఇల్లు చేయదు. మనం ఎక్కువగా మొదటి రకంలోవాళ్ళం. హెచ్1బీ మీద వచ్చినవాళ్ళం, చదువుకున్నవాళ్ళం, ఎవర్ని అడగాలో తెలిసినవాళ్ళం.

మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ ఈ తొలి వడపోత మీదే చేయి వేసింది. మిడిల్ స్కూల్ మ్యాగ్నెట్లకి తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టేదాకా ఆగకుండా పిల్లలందరి మార్కులూ చూస్తారు. పరీక్ష స్కోరుని దేశంలోని అందరితో కాక, అలాంటి ఆర్థిక స్థితి ఉన్న స్కూళ్ళ పిల్లలతోనే పోలుస్తారు. కరోనా కాలం నుంచి ఆ గీత దాటినవాళ్ళందర్నీ ఒక పూల్‌లో వేసి లాటరీ తీస్తున్నారు. దానిమీదా కేసు పడింది.

లాటరీ మాటెత్తితే శాన్‌ఫ్రాన్సిస్కోలోని లోవెల్ హైస్కూల్ గుర్తురాక మానదు. అక్కడ గ్రేడ్లు, పరీక్ష స్కోర్లు పక్కనపెట్టి కరోనా సమయంలో లాటరీకి మారారు. 2021లో చేరిన తొలి లాటరీ బ్యాచ్‌లో 24.4 శాతం మందికి మొదటి సెమిస్టర్‌లో కనీసం ఒక డీ లేదా ఎఫ్ వచ్చింది. అంతకుముందు ఏడాది అది 7.9 శాతం. ఏడాదిన్నర జూమ్‌లో చదివి వచ్చిన పిల్లలు వాళ్ళు, కాబట్టి తప్పంతా లాటరీదే అనలేం. అయినా లోవెల్ లాంటి వేగంతో నడిచే స్కూల్లో పిల్లల్ని చేర్చి, వాళ్ళకి ఆసరా ఏర్పాట్లు చేయకపోతే దెబ్బ తగిలేది ఆ పిల్లలకే. 2022 జూన్‌లో బోర్డు 4-3 ఓట్లతో పాత పద్ధతికే తిరిగి వెళ్ళింది.

ఇంత పోరాడి చేరితే ఒరిగేదెంత? ఎంఐటీ, డ్యూక్ ఆర్థికవేత్తలు బోస్టన్, న్యూయార్క్ స్కూళ్ళ మీద చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. కటాఫ్‌కి కొద్దిగా పైన ఉండి చేరిన పిల్లల్నీ, కొద్దిగా కింద ఉండి చేరలేకపోయిన పిల్లల్నీ పోల్చి చూశారు. ఇద్దరూ దాదాపు ఒకే రకం పిల్లలు, ఒకటి రెండు ప్రశ్నల తేడా. తర్వాతి పరీక్షల్లో వాళ్ళ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ స్కూళ్ళు పనికిరావని దీనర్థం కాదు. ల్యాబులు, టీచర్లు, తనలాగే ఆలోచించే స్నేహితులు, వీటి విలువ పరీక్ష స్కోరులో కనిపించదు. కానీ సీటు అంచున తప్పిపోయిన పిల్ల భవిష్యత్తు పోయినట్టు ఇంట్లో మొహాలు వేలాడేసుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

అందుకే పిల్లలు అయిదో తరగతిలో ఉండగానే స్కూల్ కౌన్సెలర్‌ని అడగాల్సింది కటాఫ్ గురించి కాదు. మా బాబు మార్కుల్ని ఎవరితో పోలుస్తారు, స్కూల్లోనా, కౌంటీలోనా? సీటు లెక్కేసేది ఇంటి అడ్రసుని బట్టా, చదివే స్కూలుని బట్టా? ఏ తరగతి గ్రేడ్లు లెక్కలోకి వస్తాయి? ఆల్జీబ్రా ట్రాక్ ఎక్కే నిర్ణయం ఎప్పుడు జరుగుతుంది, కాదంటే అప్పీల్ ఉందా? తెలిసిన సమాధానాలు పక్కింటి కొత్త కుటుంబానికి కూడా చెప్పాలి, వాళ్ళు తెలుగువాళ్ళయినా కాకపోయినా. ఇంకొకటి కూడా తప్పకుండా అడగాలి: సీటు రాకపోతే మా బేస్ హైస్కూల్లో లెక్కలు ఎంతవరకు చెప్తారు, కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కోర్సులు ఏమేమున్నాయి, సైన్స్ ల్యాబ్ ఎలా ఉంది? 2021లో దరఖాస్తు చేసిన 3,034 మందిలో 2,484 మందికి తొలి విడతలో టీజే సీటు రాలేదు. వాళ్ళలో ఎక్కువమంది చదువు సాగింది ఆ బేస్ హైస్కూళ్ళలోనే.